నాగపూర్ కాగితాల్లో మా ఊరు

ఇంగ్లండులో ఆదివారం రాత్రి ఎనిమిదంటే దుమ్ముగూడెంలో అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. అది చలికాలం లెక్క. వేసవిలో వాళ్లు గడియారాన్ని గంట ముందుకు తిప్పుకుంటారు కాబట్టి మనకు పన్నెండున్నర అవుతుంది. అక్కడి పాత పుస్తకాల అమ్మకందార్లలో చాలామంది ఆన్‌లైన్ వేలం ఆ వేళకు ముగిసేలా పెడతారు. జనం అన్నం తిని తీరిగ్గా ఫోను పట్టుకునే సమయమని వాళ్ల లెక్క. మొదట్లో నేను అప్పటిదాకా మేలుకునేవాణ్ని. సిగ్నల్ కోసం డాబా మీదికెక్కి, ఆఖరి నిమిషంలో పాట పెంచుకుంటూ పోయి, పొద్దున లేచాక అంత డబ్బు ఎందుకు పెట్టానా అని బాధపడేవాణ్ని.

ఇప్పుడు సాయంత్రమే ఒక అంకె రాసి పడుకుంటున్నాను. ఈ వేలంలో మనం ఇవ్వగలిగిన గరిష్ఠ ధర ముందే రాసి పెట్టవచ్చు. అవతలివాడు పెంచిన కొద్దీ మన తరఫున యంత్రమే పాడుతుంది. గెలిస్తే మనం కట్టేది మనం రాసిన మొత్తం కాదు, రెండో పాటదారు ఆగిన చోటికి ఒక మెట్టు పైన. అందుకని ఆ పుస్తకం నాకు నిజంగా ఎంత విలువో అంతే రాయాలి. ఎదుటివాణ్ని చూసి రాయకూడదు. తునికాకు వేలాలు, చెరువు చేపల వేలాలు చూసి పెరిగిన మాలాంటివాళ్లకు ఇది అలవాటు కావడానికి కాలం పట్టింది. అక్కడ పట్టుదల పాడిస్తుంది. ఇక్కడ ఎదుటివాడి ముఖమే కనపడదు.

నేను వెతికేది ఒక్కటే, మా ఊరు ఉన్న కాగితం. గోదావరి ఒడ్డున అడవి అంచున ఉన్న ఇంత చిన్న ఊరికి లండన్‌లో కాగితాలేమిటని అడుగుతారు. ఆనకట్ట వల్ల. మధ్య భారతంలోని పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలని 1860లలో ఎగువ గోదావరి మీద పనులు మొదలుపెట్టారు. నదికి అడ్డంగా ఉన్న మూడు రాతి అవరోధాల్లో మొదటిది దుమ్ముగూడెం. ఆర్థర్ కాటన్ కన్న కలను ఇక్కడ రాళ్లతో కట్టించినవాడు హేగ్ అనే సైనిక ఇంజనీరు. ఇంతలో 1867లో రైలు నాగపూర్ చేరింది. పత్తికి దగ్గరి దారి దొరికాక పడవల లెక్క తప్పింది. 1871లో పనులు ఆపేశారు. ఆనకట్ట, లాకులు మాకు మిగిలాయి. నివేదికలు, పటాలు, ఉత్తరాలు సముద్రం దాటిపోయాయి.

వెతకడంలో మొదటి పాఠం భూగోళంలో ఉంది. మా ఊరు కదలలేదు గాని దానిమీద సర్కార్లు మారుతూ వచ్చాయి. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువాళ్లకు వదులుకున్నాడు. అవి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో అప్పర్ గోదావరి జిల్లా అయ్యాయి. సిరొంచ దాని ముఖ్యపట్టణం. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలను మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1959లో ఖమ్మం జిల్లాకు వచ్చాం, 2016లో భద్రాద్రి కొత్తగూడెం అయ్యాం. ఇది తెలియక నేను ఏళ్ల తరబడి మద్రాసు పుస్తకాల వెంట పడ్డాను. ఆనకట్ట కడుతున్న నాటి దుమ్ముగూడెం కావాలంటే ముందు నాగపూర్ అచ్చుల్లో చూడాలి. 1870లో గ్రాంట్ కూర్చిన సెంట్రల్ ప్రావిన్సెస్ గెజిటీరులో అప్పర్ గోదావరి జిల్లాకు చోటుంది. 1878 నాటి మోరిస్ పుస్తకం, 1907 నాటి హెమింగ్వే గెజిటీరు గోదావరి జిల్లా పేరుతో వచ్చాయి. ఏ ఏడు ఎవరి ఏలుబడిలో ఉన్నామో తెలిస్తేనే ఏ పుస్తకం తిరగెయ్యాలో తెలుస్తుంది.

రెండోది అక్షరాల తిప్పలు. ఇంగ్లీషువాళ్లు దుమ్ముగూడెంను డుమగూడెం అని ఒకచోట, డుమ్మగూడెం అని మరోచోట రాశారు. గోదావరి వాళ్లకు గోదావెరీ. అమ్మేవాడు పుస్తకంలో ఎలా ఉంటే అలాగే ఎక్కిస్తాడు. సరైన స్పెల్లింగుతో వెతికేవాళ్లకు అది కనపడదు. నా దగ్గర చిన్న నోటుపుస్తకం ఉంది. అందులో మా ఊరిపేరు తప్పుగా ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్నీ రాసుకున్నాను. వారానికోసారి వాటన్నిటినీ కొట్టి చూస్తాను. ఎవరూ పాడని వేలంలో మొదటి ధరకే నాకు దక్కిన కాగితాలు ఆ నోటుపుస్తకం పుణ్యమే.

స్కాన్లు నెట్‌లో ఊరికే దొరుకుతుంటే డబ్బు ఎందుకు తగలేస్తావని మా బావ పోట్లాడుతుంటాడు. చదవడానికైతే ఆయన మాట నిజం. ఈ ఊళ్లోనే ఉండి పనిచేసిన మిషనరీ జాన్ కెయిన్ 1876 నుంచి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, ఇక్కడి కోయల గురించి రాశాడు. థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వేసిన కులాలు తెగల పుస్తకంలో కోయల గురించి చెప్పేటప్పుడు కెయిన్ మాటల మీదే చాలా ఆధారపడ్డాడు. ఇవన్నీ పైసా ఖర్చు లేకుండా చదివాను. అయితే స్కాన్లలో ఒక పెద్ద లోపముంది. పుస్తకం చివర మడతపెట్టి కుట్టిన పటాన్ని చాలాచోట్ల విప్పకుండానే ఫొటో తీశారు. తెరమీద కనపడేది పటం వీపు. నది ఎక్కడ వంపు తిరిగింది, లాకులు ఎక్కడ, ఏ పల్లె ఏ గుట్ట కింద అనేది ఆ మడతల్లో ఉండిపోయింది. ఆ మడత విప్పి చూడడానికే నేను డబ్బు పెడుతున్నాను. బావ ఇంకా ఒప్పుకోలేదు.

పటం కోసం పుస్తకాన్ని చంపకూడదు. ఈ మాట గట్టిగా చెప్పాలనే ఈ వారం ఇది రాస్తున్నాను. పాత పుస్తకాల వ్యాపారంలో కొందరు కుట్టు విప్పి పటాలు, బొమ్మలు విడివిడిగా అమ్ముతారు. పుస్తకం మొత్తానికి వచ్చే ధరకంటే ముక్కలకే ఎక్కువ వస్తుంది. ఒక ఏడాది నేను కూడా అలాంటి పటం కొన్నాను. అందమైన పటం, గోదావరికి నీలిరంగు పూత. కానీ అది ఏ పుస్తకంలోది, ఏ సంవత్సరంది, ఏ మాటకు పక్కన పెట్టిందో ఎక్కడా లేదు. అమ్మినవాణ్ని అడిగితే తనకూ తెలియదన్నాడు. ఎడమ అంచున కత్తిగాటు మాత్రం ఉంది. నాలాంటివాడు కొనబట్టే వాడు కోశాడు. ఆ తర్వాత విడిపటం ఎంత చవకైనా ముట్టలేదు. బొమ్మల అంచు ఫొటోలో కనపడకపోతే అడిగి తెప్పించుకుంటాను, చూపకపోతే వదిలేస్తాను.

అడగాల్సింది ఇంకొకటి ఉంది, ముఖపత్రం ఫొటో. 1878 అని ఎక్కించిన పుస్తకం ఇంటికొచ్చాక చూస్తే నిరుడు ముద్రించిన తెల్లకాగితపు నకలు కావచ్చు. నాకు రెండుసార్లు జరిగింది. దానికి తోడు పార్సిల్ ఖర్చు చాలాసార్లు పుస్తకం ధరను దాటుతుంది. 2019 బడ్జెట్‌లో దిగుమతి పుస్తకాల మీద 5 శాతం సుంకం వేశారు. 2018లో ఈబే భారత విభాగం మూతపడ్డాక మాలాంటివాళ్లం ఎక్కువగా బయటి దేశాలవాళ్ల దగ్గరే కొనాల్సి వస్తోంది. మీ అంకె రాసేటప్పుడు ఇవన్నీ కలిపి రాయండి.

ఇక పుస్తకం కాని చిల్లర కాగితాలు. రసీదులు, కరపత్రాలు, పోస్టుకార్డులు, స్టాంపు కాగితాలు, ఏ రోజుకారోజు పారేసేవి. నా మనసు ఇప్పుడు వీటిమీదే ఎక్కువ ఉంది. ఇక్కడ అవి మిగలవు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చింది. మా తాత ట్రంకుపెట్టె ఆ నీళ్లలో పోయింది. 2022 జులైలో 71.3 అడుగులు. వరద తప్పినచోట చెదలు. రెండూ తప్పించుకున్నవి చిత్తుకాగితాల తూకానికి పోయి, పట్నంలో ఎవరి చేతిలోనో పడి, బొమ్మకోసం వేలానికి వస్తాయి. గోదావరికి ఇవతల స్టాంపు కాగితం మీద రాజు తల, అవతలి ఒడ్డున నిజాం ఉర్దూ ముద్ర. కొనేవాళ్లు ఆ ముద్రలే చూస్తారు, కింద రాసిందెవరూ చదవరు.

కానీ ఏజెన్సీలో కింద రాసిందే ప్రాణం. 1917 నాటి మద్రాసు చట్టం ప్రకారం ఈ కొండప్రాంతంలో గిరిజనుడి భూమిని ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా గిరిజనేతరుడికి రాసిచ్చినా చెల్లేది కాదు. 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, మనం 1/70 అనేది, ఆ తలుపు పూర్తిగా మూసింది. ఏ భూమి ఎవరి చేతిలో ఏ తేదీన ఉందన్నదే ఇక్కడ తగువు. అలాంటి తేదీ ఉన్న కాగితాన్ని ముద్ర అందంగా ఉందని అద్దం కట్టించి గోడకు తగిలిస్తే ఒక ఇంటి సాక్ష్యం గోడకెక్కినట్టే. 75 ఏళ్లు దాటి చారిత్రక విలువున్న దస్తావేజును 1972 నాటి చట్టం పురావస్తువు అంటుంది. మామూలు వ్యక్తులు దాన్ని దేశం దాటించకూడదు. ఈ సంగతి అమ్మేవాళ్లలో చాలామందికి తెలియదు.

రెండేళ్ల కింద మన దేశపు అమ్మకందారు ఒకతను పది స్టాంపు కాగితాల కట్ట వేలానికి పెట్టాడు. ఫొటో పెద్దది చేసి చూస్తే మూడో కాగితంలో, ఐదో వరుసలో, పర్ణశాల దారిలోని ఒక పల్లె పేరుంది. నా అంకె రాసి పడుకున్నాను. గెలిచాను. ఒక కోయ రైతు కౌలు కాగితం అది, కింద వేలిముద్ర. ఇంటిపేరు పట్టుకుని ఆ పల్లెకు వెళ్తే, వేలిముద్ర వేసినాయన మనవడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఆయనకే డెబ్బై దాటి ఉంటాయి. కాగితం మొత్తం చదివి వినిపించాను. రెండోసారి చదవమన్నాడు. పొలం హద్దులు చెబుతుంటే ఒక్కొక్క హద్దుకూ చెయ్యెత్తి అటు చూపించాడు. అదంతా అయ్యాక, ఇది మీదే పెద్దాయనా, ఉంచుకోండి అన్నాను.

“వద్దు సారూ,” అన్నాడు. “మా ఇంట్లకు గోదారి వస్తది. ఇది నీ కాడనే ఉంచు. నాకు జిరాక్స్ తీసియ్యి.”

జిరాక్స్‌లు రెండు తీయించి, లామినేషన్ చేయించి ఇచ్చి వచ్చాను. అసలుది మా ఇంట్లో అటక మీది రేకుపెట్టెలో ఉంది, 86 నాటి నీళ్లు మళ్లీ వచ్చినా అందని ఎత్తులో.