నీళ్లు పోసే వేళ

“అరచెయ్యి కాదు బాబూ, మోచెయ్యి ముంచి చూడండి. పనిచేసే చేతికి వేడి తెలీదు” అన్నారు మా అత్తగారు.

బాత్‌రూంలో చెక్కపీట మీద లుంగీ ఎగగట్టి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాను. కాళ్ల మీద మా పాప. ఐదో నెల. ఒంటినిండా కొబ్బరినూనె. వదులుగా పట్టుకుంటే జారుతోంది, పట్టు బిగిస్తే ఏడుస్తోంది. మర్నాడు అత్తగారు తెనాలి వెళ్లిపోతున్నారు, మామగారికి కంటి ఆపరేషను. మా ఆవిడ సెలవు ఇంకో నెలలో అయిపోతుంది. ఆ తర్వాత ఈ హైదరాబాదు ఫ్లాటులో చంటిదానికి దిక్కు మేమిద్దరమే.

“మీకెందుకు బాబూ, మగాళ్లు చేసే పనా ఇది” అని ఆవిడ ముందు నవ్వేశారు. నేను పీట వేసుకుని కూర్చునేసరికి నేర్పక తప్పలేదు.

చంటిపిల్లకి నీళ్లు పోయడంలో ఏముంది అనుకుంటాం. కూర్చున్నాక తెలుస్తుంది. రెండు కాళ్లూ దగ్గరికి చేరిస్తే నడుమ చిన్న పల్లం ఏర్పడుతుంది, అదే బిడ్డకి పడక. తల మన పాదాల వైపు, కాళ్లు మన పొట్ట వైపు. తలమీద నీళ్లు పోసేటప్పుడు ఎడమ అరచేతిని నుదుటి మీద చూరులా పెట్టాలి, కళ్లలోకి చుక్క కూడా దిగకూడదు. బోర్లా తిప్పినప్పుడు ముఖం రెండు పిక్కల సందులో పడాలి, ఊపిరాడాలి. చంకలు, తొడల మడతలు, చెవుల వెనక, అన్నిటికన్నా ముఖ్యంగా మెడ కింద. తాగిన పాలు కారి ఎండేది అక్కడే, ఒరిసి ఎర్రబడేదీ అక్కడే. ధార తెగకుండా పోయాలి. ఆగి ఆగి పోస్తే చలికి ఉలిక్కిపడుతుంది. ఆఖరి చెంబుతో దిగదుడిచి, ఆ నీళ్లు పక్కకి పారబోసి “శ్రీరామరక్ష, నూరేళ్లాయుష్షు” అనాలి. నేను ఆ మాట మర్చిపోతే, అనేదాకా అత్తగారు తువ్వాలు ఇవ్వలేదు.

ఈ విద్యలో పాతకీ కొత్తకీ తగువులు ఉన్నాయి. చెవుల్లో, ముక్కులో నూనె చుక్కలు వేయొద్దు, కళ్లకి కాటుక పెట్టొద్దు, సాంబ్రాణి పొగ పట్టొద్దు అన్నారు పిల్లల డాక్టరు. “ఇవన్నీ చేసే కదా మీ ఆవిణ్ణి పెంచాను, ఏమైంది?” అన్నారు అత్తగారు. నేను ఏం జవాబు చెప్పినా తప్పే కాబట్టి ఊరుకున్నాను. చివరికి ఇద్దరి మాటా నిలిచింది. కాటుక కంట్లోంచి దిగి అరికాలికి దిష్టిచుక్క అయింది. సాంబ్రాణి దేవుడి గూటికి పరిమితమైంది.

అత్తగారు వెళ్లిన మర్నాడు ఒంటరిగా నీళ్లు పోశాను. ఆవిడకి పావుగంట పట్టే పని నాకు నలభై నిమిషాలు పట్టింది. చూరు సరిగా నిలవక కళ్లలోకి నీళ్లు పోయాయి, పాప గుక్కపట్టింది. బయట తలుపు దగ్గర మా ఆవిడ “నేను రానా, నేను రానా” అంటూనే ఉంది. ఎలాగో ముగించి, తుడిచి, పొత్తిగుడ్డలో చుట్టి తెచ్చాను. పాలు తాగి పాప రెండు గంటలు ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. నాకు నడుం పట్టేసింది. ఆ రెండు గంటలూ ఆఫీసు పని మానేసి, నడుం పట్టుకుని దాని మొహమే చూస్తూ కూర్చున్నాను. పిల్లల పెంపకంలో సుఖం ఎంత, కష్టం ఎంత అని ఎవరైనా అడిగితే నాకు ఆ రోజే గుర్తొస్తుంది. ఏ పని నా నడుం విరిచిందో ఆ పనే పాపని నిద్రపుచ్చింది. ఇందులో కష్టం వేరే, సుఖం వేరే అని విడదీయడం నా వల్ల కాలేదు.

మన ఇళ్లలో పిల్లల ఎదుగుదలకి కొలబద్ద పిండివంటలు. బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, మాటలొస్తే పంచదార చిలకలు. డాక్టరు గారి ఫైల్లో ఇంకో లెక్క ఉంటుంది. పుట్టగానే బీసీజీ, 6, 10, 14 వారాలకి సూదులు, 9 నెలలు నిండాక తట్టు టీకా. ఒక క్యాలెండరు తీపిది, ఇంకోటి సూదిది. మా ఇంట్లో రెండూ ఒకే వారంలో కలిశాయి. 14 వారాల టీకా వేయించిన రాత్రి పాపకి ఒళ్లు కాలిపోయింది. ఇద్దరం వంతులేసుకుని తెల్లార్లూ భుజాన వేసుకుని తిప్పాం. మూడో రోజు జ్వరం తగ్గి, పక్క మీద వేస్తే, తన పాటికి తను బోర్లా పడి, తలెత్తి, ఏదో ఘనకార్యం చేసినట్టు మా వైపు చూసింది. అత్తగారు వెంటనే శనగపప్పు నానబోశారు.

బొబ్బట్లు మా అంతస్తులో ఇల్లిల్లూ తిరిగి పంచాను. ఎదురు ఫ్లాటు ఆవిడ తలుపు తీసి “అయ్యో, మీ ఇంట్లో చంటిపాప ఉందా!” అంది. మూడున్నర నెలలుగా రాత్రి రెండింటికి మా పాప ఏడుపు ఆ గోడకి వినపడుతూనే ఉంది. టీవీ అనుకుందట. ఆ పిండివంటలు పెట్టిన పెద్దవాళ్ల తెలివి నాకు అప్పుడు తెలిసింది. బొబ్బట్టు పేరుతో ఆ ఇంట్లో బిడ్డ ఉందన్న కబురు వీధంతా చేరేది. కబురు చేరితే మనుషులు వచ్చేవారు. మనుషులు వస్తే బిడ్డ చేతులు మారేది. చేతులు మారితే తల్లి కాస్త నడుం వాల్చేది.

ఆ మనుషులు లేని ఇంట్లో ఏం జరుగుతుందో మేం చూశాం. అత్తగారు వెళ్లిన రెండు వారాలకి, మా ఆవిడ ఒకరోజు మధ్యాహ్నం ఏ గొడవా లేకుండానే ఏడ్చింది. ఏమైందంటే “తలంటుకుని పది రోజులైంది” అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తలస్నానానికి అరగంట కావాలి. ఆ అరగంట దొరికినప్పుడల్లా తినడమో, పడుకోవడమో, పాలసీసాలు మరిగించడమో ముందుకొచ్చేది. పాపకి రోజూ నీళ్లు పోస్తున్నానని పొంగిపోతున్న నాకు, పాప తల్లి సంగతి పట్టలేదు. ఆ రోజు నుంచి ఏడున్నరకి పాప స్నానం, తొమ్మిదికి అమ్మ స్నానం అని గోడ మీద రాసుకున్నాం. ఆ అరగంట పాపని చంకనేసుకుని లిఫ్టు దగ్గర తిరగడం నా డ్యూటీ.

కాగితం మీద చట్టాలు మెరుగయ్యాయి, కాదనను. 2017లో చట్టం సవరించి ప్రసూతి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలకి పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలన్నారు. మా ఆవిడ ఆఫీసులో ఆ గదికి బోర్డు ఉంది. లోపల పాత కంప్యూటర్ల అట్టపెట్టెలు ఉన్నాయి. ఇక తండ్రి సంగతి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి ఇన్ని రోజులని చెప్పే చట్టమే లేదు. మా ఆఫీసు దయతలచి ఐదు రోజులిచ్చింది. అందులో రెండు రోజులు ఆసుపత్రి బిల్లు కౌంటరు ముందే గడిచాయి.

అయినా మేం కలిగినవాళ్లమే. మా అపార్టుమెంటు వాచ్‌మన్ భార్య ఐదిళ్లలో పని చేస్తుంది. చిన్నది పుట్టిన రెండో నెలకే, పిల్లని మెట్ల మీద గుడ్డ పరిచి పడుకోబెట్టి, అంట్లు తోమడానికి వచ్చేసింది. ఆ 26 వారాల లెక్క ఆవిడ దగ్గరికి రాదు.  ఆవిడకి ఊపిరి తీసుకునే చోటు అంగన్‌వాడీ ఒక్కటే. 1975 అక్టోబరు 2న మొదలైన పథకం అది. అక్కడ మూడున్నరేళ్ల పెద్దాడు ఆడుకుని, ఉడికించిన గుడ్డుతో అన్నం తిని వచ్చేలోపు ఆవిడ మూడిళ్లు ముగిస్తుంది. ఆయమ్మ సెలవు పెట్టిన రోజు పిల్లలిద్దరూ మెట్ల మీదే.

అలాగని పాత రోజులన్నీ బంగారం అని నేననను. మా అమ్మని అడిగితే ఒకే మాట చెప్పింది. “చేతులు చాలా ఉండేవి నాన్నా. అన్నీ ఆడవాళ్లవే.” మా నాన్న మమ్మల్ని ముగ్గుర్ని కన్నారు గానీ చిన్నప్పుడు ఎత్తుకుని ఎరగరు. తాతయ్య ముందు తన బిడ్డని తను ఎత్తుకోవడం ఆ రోజుల్లో సిగ్గుమాలినతనం. వీధిలో ఎవరి పిల్లాణ్ణైనా ఎత్తుకోవచ్చు, సొంత పిల్లాణ్ణి మాత్రం గదిలోకి వెళ్లాకే ముద్దు చేయాలి. అలా ఆయనకి బరువు తప్పింది. దానితోపాటు ఇంకేం తప్పిపోయిందో చాలా ఏళ్లకి, మా ఇంట్లో, నా కళ్లతో చూశాను.

పాపకి ఏడో నెలలో అమ్మా నాన్నా వచ్చారు. మొదటి వారం నాన్న హాల్లో పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవారు. రెండో వారం పేపరుతో సహా బాత్‌రూం గుమ్మం దాకా వచ్చారు. ఒకరోజు నేను ఆఖరి చెంబు పోస్తుంటే వెనక నుంచి “తువ్వాలు నేను పట్టుకోనా?” అన్నారు. డెబ్బై రెండేళ్ల మనిషి, రెండు చేతులా తువ్వాలు పరిచి పట్టుకుని, కొత్త పెళ్లికొడుకులా నిలబడ్డారు. తడిపిల్లని అందులో వేశాను. చుట్టడం రాలేదు. ఒక కాలు బయటే ఉండిపోయింది. “ఎంత వెచ్చగా ఉందిరా” అన్నారు, అంతే. ముగ్గురు బిడ్డల తండ్రికి, స్నానం చేయించిన పసిపిల్ల ఒళ్లు వెచ్చగా ఉంటుందని ఆ రోజు తెలిసింది.

నన్ను నేను చూసుకుని మురిసిపోయే తండ్రినని అనుకునేరు. చలం ‘బిడ్డల శిక్షణ’ చదివి, పిల్లల మీద చెయ్యి చేసుకునేవాళ్లతో కాలేజీలో గొంతు చించుకుని వాదించినవాణ్ణి. మొన్నామధ్య రెండున్నరేళ్ల పాప అన్నం కంచం మూడోసారి నేలకేసి కొడితే నా చెయ్యి లేచింది. దించేసుకున్నాను. కానీ లేచిన చేతిని అది చూసింది. “నాన్నా, కోపమా?” అంది. ఆ రోజు ఆఫీసులో ఒక మాట పడ్డాను, ముందు రాత్రి నిద్ర లేదు, అన్నం ఆరబెట్టి కలపడం అది రెండోసారి. ఇవన్నీ కారణాలే, కానీ వీటిలో ఒక్కటీ దానికి సంబంధించింది కాదు. మెతుకులు ఏరుతూ కూర్చుంటే, అదీ పక్కన కూర్చుని ఏరింది. ఏరినవి సగం నోట్లో వేసుకుంది.

ఇప్పుడు దాన్ని కాళ్ల మీద పడుకోబెట్టే రోజులు పోయాయి. మగ్గు తనే లాక్కుంటుంది. మొన్న ఆదివారం బాల్కనీలో చప్పుడు లేకపోతే అనుమానమొచ్చి చూశాను. చాప మీద కాళ్లు బారజాపుకుని కూర్చుని, గుడ్డబొమ్మని పిక్కల మధ్య పడుకోబెట్టి, ఖాళీ గ్లాసుతో నీళ్లు పోస్తోంది. ఎడంచెయ్యి బొమ్మ నుదుటి మీద చూరులా ఉంది. ఎదురు ఫ్లాటు ఆవిడ వాళ్ల బాల్కనీలోంచి “బొమ్మకి అమ్మవా తల్లీ?” అని అడిగింది. “కాదు, నాన్నని. నీళ్లు పోస్తున్నా” అంది మా పాప, తల ఎత్తకుండానే. మా అత్తగారికి ఫోన్లో చెబితే పది నిమిషాలు నవ్వి, చివర్లో “శ్రీరామరక్ష అందా లేదా?” అని అడిగారు. అనలేదు. అది ఇంకా నేర్పాలి.

కొత్తగా తండ్రులైనవాళ్లకి నేను చెప్పేది ఒకటే. రోజుకొక పని పూర్తిగా మీది చేసుకోండి. మీరు లేకపోతే ఆ పూట ఆ పని ఆగిపోవాలి, అంత మీది కావాలి. ఇరుగుపొరుగు వాళ్లకీ ఒక మాట. పసిపిల్ల ఉన్న ఇంటికి చూడ్డానికి వెళ్లేటప్పుడు గౌన్లు తీసుకెళ్లకండి, అవి రెండు నెలల్లో పొట్టి అయిపోతాయి. ఒక గంట తీరిక చేసుకుని వెళ్లండి. చేతులు కడుక్కుని పిల్లని ఎత్తుకోండి. ఆ గంటలో దాని తల్లి తలంటుకుని వస్తుంది.