హాజరుపట్టీ

మా పక్కింటావిడ క్రైస్తవురాలు. మధ్యాహ్నం అనంతపురం ఎండకు వీధిలో కాకి కూడా ఎగరదు. అప్పుడు మా వరండాలో కూర్చుని పరిశుద్ధ గ్రంథం చదువుకుంటారు. ఆ మధ్య 'న్యాయాధిపతులు'లోని దెబోరా పాట నాకూ వినిపించారు. శెనక్కాయలు వలుస్తూ ఓ చెవిన వింటున్నదాన్ని, చెయ్యి ఆపేశాను.

యుద్ధం గెలిచాక పాడిన పాట అది. పొగడ్తలుంటాయనుకున్నాను. తీరా చూస్తే హాజరుపట్టీ! రూబేనీయులు మందల దగ్గరే కూర్చున్నారట, దాను వాళ్ళు ఓడలు వదల్లేదట, ఆషేరు వాళ్ళు సముద్రపు ఒడ్డు దాటలేదట. రాని మేరోజు ఊరికైతే శాపమే. మన ఇంట్లో పెళ్ళికి ఎవరొచ్చారో, ఎవరు ఎగ్గొట్టారో పదేళ్ళయినా చెప్పుకోమూ? అదే వరస. అప్పటికి వాళ్ళకు రాజు లేడు, రాజధాని లేదు. 'మనవాళ్ళు' అంటే ఎవరో ఆ పట్టీయే తేల్చింది. క్రీస్తుపూర్వం 586లో బాబిలోను వాళ్ళు యెరూషలేమును నేలమట్టం చేశాక ఈ పాత కథలన్నీ ఒకచోట కూర్చుకున్నారని పండితులు చాలామంది అంటారు. రాజ్యం పోయినవాళ్ళు జ్ఞాపకాలతో ఇల్లు కట్టుకున్నారన్నమాట.

మేమూ కట్టుకున్నాం. 1565లో రక్కసి తంగడి దగ్గర రామరాయలు కూలిపోయాక, తిరుమలరాయలు హంపీ వదిలి మా పెనుకొండకే వచ్చాడు. 1800లో నిజాం ఈ నేలను కుంపిణీకి ధారపోశాడు. అప్పట్నుంచీ మేం 'దత్తమండలాల' వాళ్ళం. ఒకరు ఇంకొకరికి ఇచ్చేసిన సరుకన్న మాట! 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావుగారు 'రాయలసీమ' అన్నారు. ఆయన ఉత్తరాంధ్ర నుంచి వచ్చి మా ఊరి కాలేజీలో తెలుగు చెప్పినవారు. ఒక్క మాటతో తల ఎత్తుకున్నాం. ఆ పేరంటే నాకిప్పటికీ గర్వమే, దాచుకోను.

కానీ పక్కింటావిడ చదివింది విన్నాక ఓ అనుమానం పట్టుకుంది. వాళ్ళ గ్రంథం ఓటమికి తమ రాజులనే నిలదీస్తుంది. మా బళ్ళో చెప్పిన తళ్ళికోట కథలో తప్పంతా చివరి నిమిషాన పక్క మార్చిన సేనానులది. రామరాయలు ఏళ్ళ తరబడి ఒక సుల్తానును ఇంకొకడి మీదికి ఎగదోశాడని ఏ పంతులూ చెప్పలేదు. మా పట్టీలో మావాళ్ళ గైర్హాజరు ఉండదు.

ఆడవాళ్ళ సంగతి సరేసరి. అక్కడ యుద్ధానికి పిలిచింది దెబోరా, శత్రుసేనాని కణతలో గుడారపు మేకు దింపింది యాయేలు. చివర్న ఆ సేనాని తల్లి కిటికీలోంచి చూస్తూ, బిడ్డ రథం ఇంకా రాలేదేమని బెంగపడుతుంది. పాట ఆమెను ఎగతాళి చేస్తుంది. పైగా కొల్లసొమ్ములో తలా ఒక పిల్ల దొరికి ఉంటుందిలే అని ఆ ఇంటి ఆడవాళ్ళ చేతే అనిపిస్తుంది. ఎంత కర్కశం! అయినా శత్రువు తల్లిని కిటికీ దగ్గర నిలబెట్టాలన్న ఊహ వచ్చిందే, నవలలు రాసేదాన్ని కాబట్టి అక్కడ దండం పెట్టాను. హంపీ నుంచి పెనుకొండ దారి పట్టిన ఆడవాళ్ళను మేం ఏ కిటికీలోనూ నిలబెట్టలేదు.

మా జేజికి తళ్ళికోట తెలీదు. ఆమె చెప్పేదల్లా 1952 కరువు, గంజి కేంద్రాలు. ఆ ఏడు ఎవరి బావిలో చేద వెయ్యనిచ్చారో, ఎవరు అర్ధరాత్రి తలుపు తీసి కడివెడు నీళ్ళిచ్చారో ఇంటిపేర్లతో సహా అప్పజెప్పేది. ఒక్క ఇల్లు మాత్రం బావి మీద ముళ్ళకంప కప్పిందట. ఆ తర్వాత నలభై ఏళ్ళు బతికింది జేజి. పెళ్ళికి పిలిచినా, చావుకు కబురొచ్చినా, ఆ ఇంటి గడప తొక్కలేదు.