చివరి మెట్టు ముందు

‘మావాడికి ఏదీ రాదు మేడమ్, అన్నీ నేనే చేసిపెట్టాలి.’ మా బడికి కొత్తగా వచ్చే తల్లుల్లో చాలామంది మొదట చెప్పే మాట ఇదే. 12 ఏళ్ల పిల్లాడికి కూడా అన్నం కలిపి నోట్లో పెడుతుంటారు. ప్రేమ ఉంది, ఓపిక ఉంది, మిగతా పిల్లల్ని టైముకు బడికి పంపాలన్న తొందరా ఉంది. ఆ తొందరలో వాడి చేతికి పని లేకుండా పోతుంది.

ప్రత్యేక బడి అంటే అక్షరాలు నిదానంగా నేర్పే చోటనుకుంటారు. మా పనిలో ఎక్కువ భాగం పనిని మెట్లుగా విడగొట్టడమే. అన్నం తినడం మీకు ఒకటే పని. మాకు పప్పూ అన్నం కలపడం ఒక మెట్టు, వేళ్లతో ముద్ద చేయడం ఒకటి, జారకుండా ఎత్తడం ఒకటి, నోట్లో పెట్టుకోవడం ఇంకొకటి. మేధో వైకల్యం ఉన్న పిల్లలకు వీటిని చాలాసార్లు వెనక నుంచి నేర్పుతాం. ముద్ద చేసి చేతిలో పెట్టడం టీచరు వంతు, దాన్ని నోటిదాకా తీసుకెళ్లడం పిల్లాడి వంతు. అది కుదిరాక ముద్ద చేయడం, ఆ తర్వాత కలపడం. ఇలా నేర్పితే మొదటి రోజు నుంచీ పని పూర్తి చేసేది వాడే. రుచి వెంటనే నాలుకకు తగులుతుంది, వేరే బహుమతి అక్కర్లేదు. కలపడంతో మొదలుపెడితే చాలామంది మధ్యలోనే విసిగి కంచం నెట్టేస్తారు.

ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారో తేల్చడానికి ఎఫ్‌ఏసీపీ అనే పట్టిక ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన, మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం పనిచేసే జాతీయ సంస్థ దాన్ని తయారుచేసింది. ఆ సంస్థను ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ అంటున్నారు. పిల్లాడు సొంతంగా చేశాడా, మాట సాయంతో చేశాడా, చేయి పట్టుకుంటే చేశాడా అన్నది అందులో రాసుకుంటాం. పట్టుకున్న చేతిని ఎప్పుడు వదలాలో తెలియడమే మా విద్యలో అన్నిటికన్నా కష్టం. ఇన్నేళ్లయినా ఆ క్షణంలో నా చేయి ఇంకా ముందుకే పోతుంటుంది.

బడిలో వచ్చిన పని ఇంట్లో నిలవాలంటే ఇంట్లోవాళ్లూ నేర్చుకోవాలి. భోజనాల వేళ తల్లిని మా పక్కన కూర్చోబెట్టుకుంటాం. నాయనమ్మను కూడా రమ్మంటాం, ఎందుకంటే మనవడు తడబడితే చూడలేక ముద్ద అందుకునేది ఆవిడే. వరండాలో పిల్లల కోసం ఎదురుచూసే తల్లులు ఒకరికొకరు చెప్పుకునే విషయాలు ఏ కరపత్రంలోనూ దొరకవు. వైకల్య ధ్రువపత్రం కోసం సదరం క్యాంపుకు ఏ కాగితాలు తీసుకెళ్లాలి, మూర్ఛ వచ్చినప్పుడు ఏం చేయాలి, చుట్టాల పెళ్లికి పిల్లాణ్ని తీసుకెళ్లాలా వద్దా. మూడో ప్రశ్నకు అక్కడ ఎప్పుడూ ఒకటే జవాబు, తీసుకెళ్లమనే.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచితంగా చదువుకునే హక్కుంది. మామూలు బడా, ప్రత్యేక బడా అన్నది వాళ్లే ఎంచుకోవచ్చు. ఆ 18 దగ్గరే నాకు బెంగ. అప్పటికి కొవ్వొత్తులు, కాగితం కవర్లు చేయడం నేర్పి పంపేస్తే సరిపోదు. ఊళ్లో వాటిని ఎవరు కొంటారు? తండ్రికి టిఫిన్ బండి ఉంటే ప్లేట్లు కడగడం, పొట్లాలు కట్టడం నేర్పాలి. అది 14 ఏళ్లకే మొదలవ్వాలి. ఇంకో సంగతి చాలామందికి బ్యాంకు కౌంటర్ దగ్గరే తెలుస్తోంది. 18 దాటిన బిడ్డకు కన్నవాళ్లు తమంతట తామే చట్టపరమైన సంరక్షకులు కారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్లకు 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ కమిటీలో కలెక్టర్ ఉంటారు. ఈ మాట తల్లిదండ్రుల చెవిన ముందే వేయడం కూడా బడి పనేనని నా అభిప్రాయం.

మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఇలాంటి పిల్లలుంటే, మండలంలో ఇలాంటి పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసులో అడగండి. బిడ్డను కదిలించలేని పరిస్థితైతే ఇంటికే వచ్చి నేర్పే ఏర్పాటు ఉంది, దాని గురించీ అడగండి. వయసు చూసి ఆగకండి.