గోడకెక్కిన బొంత: అమెరికన్ పాత క్విల్టుల సేకరణలో కర్తృత్వ ప్రశ్న

వ్యాససంగ్రహం:
పందొమ్మిదో శతాబ్దపు అమెరికన్ క్విల్టులు పడకల మీది నుంచి సేకర్తల చేతికి, అక్కడి నుంచి ప్రదర్శనశాలల గోడల మీదికి చేరాయి. ఈ క్రమంలో వస్తువుకు దక్కిన గౌరవం దాన్ని కుట్టిన స్త్రీకి దక్కిందా అన్న ప్రశ్నను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1971 నాటి ఒక ప్రదర్శన, హ్యారియెట్ పవర్స్ క్విల్టు, ఆలిస్ వాకర్ కథ ‘ఎవ్రీడే యూజ్’ ఇందుకు ఆధారాలు.

1. ఉపోద్ఘాతం

ఒక రచనకు ఏకత్వం లేదని చెప్పడానికి తెలుగువారు ‘అతుకుల బొంత’ అంటారు. ఈ మాటలో అతుకు ఒక లోపం, బొంత పేదరికానికి గుర్తు. నిర్మాణంలో బొంతకు దగ్గరి చుట్టమైన అమెరికన్ క్విల్టు విషయంలో ఈ విలువ తారుమారైంది. గుడ్డముక్కలు కలిపిన పైపొర, నడుమ దూది లేదా ఉన్ని, అడుగున మరో వస్త్రం, ఈ మూడింటినీ పట్టి ఉంచే సన్నని కుట్టు: ఇదీ దాని సాధారణ స్వరూపం. 1880లలో ప్రాచుర్యం పొందిన ‘క్రేజీ క్విల్టు’లో పట్టు, మఖమలు ముక్కలను క్రమాకృతి లేకుండా అమర్చి, ప్రతి అతుకు వెంట రంగుదారాలతో ఎంబ్రాయిడరీ చేసేవారు. పూలు, పక్షులతో పాటు పేర్లు, తేదీలు కూడా కుట్టేవారు. ఇక్కడ అతుకు దాచవలసింది కాదు, చూపవలసింది.

2. గోడ మీది చూపు

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలో జొనాథన్ హోల్‌స్టీన్, గెయిల్ వాన్ డెర్ హూఫ్ తాము సేకరించిన క్విల్టులలో సుమారు 60 ప్రదర్శించారు. ప్రదర్శన పేరు ‘ఆబ్‌స్ట్రాక్ట్ డిజైన్ ఇన్ అమెరికన్ క్విల్ట్స్’. పడక మీద పరిచే వస్తువును నిలువుగా వేలాడదీసి, నైరూప్య చిత్రంలా చూడమని అది ప్రేక్షకుణ్ణి కోరింది. వర్ణసంయోజన, జ్యామితీయ నిర్మాణం ఎంపికకు ప్రమాణాలయ్యాయి. క్విల్టుల సేకరణకు కొత్త ప్రతిష్ఠ రావడంలో ఈ ప్రదర్శన పాత్ర కాదనలేనిది.

అయితే దాని పరిమితీ అక్కడే ఉంది. ఆధునిక చిత్రకారుల కృషిని ముందుగానే పోలి ఉండటం క్విల్టుకు యోగ్యతాపత్రమైంది. 1973లో ప్యాట్రీషియా మైనార్డీ ‘క్విల్ట్స్: ది గ్రేట్ అమెరికన్ ఆర్ట్’ అన్న వ్యాసంలో ఈ ధోరణిని తీవ్రంగా విమర్శించారు. క్విల్టులు అజ్ఞాతకర్తృకాలన్న అభిప్రాయాన్ని ఆమె తిరస్కరించారు. తమ పనిపై పేరూ తేదీ కుట్టుకున్న స్త్రీలు ఎందరో ఉన్నారని గుర్తుచేశారు. కర్త పేరు తెలియకపోవడం వేరు, తెలుసుకోవలసిన అవసరం లేదనుకోవడం వేరు. సేకరణ చరిత్రలో ఈ రెండూ తరచూ కలిసిపోయాయి.

3. ఐదు డాలర్లు, పదకొండు ఫలకాలు

1837లో జార్జియాలో బానిసగా పుట్టిన హ్యారియెట్ పవర్స్, గుడ్డతో కత్తిరించిన ఆకృతులను మరో గుడ్డపై కుట్టి, 11 ఫలకాల్లో బైబిల్ గాథలను రూపొందించారు. 1886లో ఏథెన్స్ పట్టణంలో జరిగిన పత్తి ప్రదర్శనలో దాన్ని చూసిన చిత్రకళా ఉపాధ్యాయిని జెన్నీ స్మిత్ కొంటానన్నారు. పవర్స్ అమ్మలేదు. కొన్నేళ్ల తర్వాత ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టగా, 10 డాలర్లు అడిగి 5 డాలర్లకే ఇచ్చారు. ఆ తర్వాత కూడా దాన్ని చూసుకోవడానికి పలుమార్లు స్మిత్ ఇంటికి వెళ్లారు.

ఈ లావాదేవీలో అసమానత స్పష్టం. కానీ స్మిత్ వస్తువును మాత్రమే తీసుకోలేదు. ఒక్కొక్క ఫలకానికి పవర్స్ చెప్పిన అర్థాన్ని రాసి ఉంచారు. ఆ నమోదులో పవర్స్ గొంతు ఎంత, స్మిత్ కలం ఎంత అన్న సందేహం ఉండకపోదు. అయినా నేడు స్మిత్సోనియన్ సంస్థలో ఉన్న ఆ క్విల్టును పాఠంగా చదవగలగడానికి ఆ రాతే ఆధారం.

4. మ్యాగీ జ్ఞాపకం

‘ఎవ్రీడే యూజ్’ (1973) కథలో పట్నంలో చదువుకున్న డీ, అమ్మమ్మ కుట్టిన క్విల్టులను గోడకు వేలాడదీయాలనుకుంటుంది. చెల్లెలు మ్యాగీ వాటిని రోజూ వాడి ఐదేళ్లలో చింకిపాతలు చేస్తుందని వాదిస్తుంది. తల్లి వాటిని మ్యాగీకే ఇస్తుంది. ‘వాడకమే వారసత్వం, సేకరణ ఆడంబరం’ అని కథను చదవడం తేలిక. పవర్స్ ఉదంతం ఈ పఠనాన్ని సరిదిద్దుతుంది. కొన్నవారు భద్రపరచకపోతే ఆ క్విల్టు నేడు ఉండేదని చెప్పలేం. వస్తువు చిరిగిపోతుందన్న డీ భయం అసత్యం కాదు.

డీ లోపం మరొకచోట ఉంది. క్విల్టుల ప్రస్తావనకు ముందే ఆమె వెన్న చిలికే కవ్వాన్ని అడుగుతుంది. దాన్ని చెక్కింది ఎవరో, ఆయన అసలు పేరేమిటో, ఏమని పిలిచేవారో మ్యాగీ మెల్లగా చెబుతుంది. డీ ఆమె జ్ఞాపకశక్తిని ఏనుగుతో పోల్చి నవ్వేస్తుంది. ఆ ఇంటి వస్తువులకు సజీవమైన సూచిక మ్యాగీ. పైగా అమ్మమ్మ, పెద్దమ్మల దగ్గర కుట్టు నేర్చుకున్నది కూడా ఆమే. డీ వస్తువును కోరి, దాని సూచికను నవ్వులాటగా తీసుకుంటుంది.

5. ముగింపు

భద్రపరచిన వస్తువుకూ కాలం తప్పదు. బరువు కోసం లోహలవణాలు పట్టించిన పందొమ్మిదో శతాబ్దపు పట్టు, పెట్టెలో ఉన్నా చిట్లిపోతుంది. కనుక సేకరణ విలువను వస్తువు మన్నికతో మాత్రమే కొలవడం చాలదు. 1981లో మొదలైన కెంటకీ క్విల్టు ప్రాజెక్టు ప్రజలు తెచ్చిన క్విల్టులను పరిశీలించి నమోదు చేసింది. ఇతర రాష్ట్రాలకు అది మార్గం చూపింది. సేకరణ అంటే స్వాధీనం చేసుకోవడమే కాదని, అడిగి రాసుకోవడమని అది నిరూపించింది. వస్తువును తీసుకునే చేయి కుట్టిన మనిషిని అడగడం మరిచినచోట, గోడకెక్కిన క్విల్టు అందంగానే ఉంటుంది, కానీ మాట్లాడదు. స్త్రీల చేతిపనిని సాహిత్యంతో కలిపి చదివే పరిశోధకుడు అతుకుల అందంతో పాటు, వాటి వెనుక ఉన్న మ్యాగీలు ఎవరో కూడా వెతకవలసి ఉంటుంది.