మోటారుకారు ఆటలు - నగరముల ఎంపిక

మోటారుకారు నడుపు వీడియో ఆటలలో రెండు తెగలు కలవు. మొదటి తెగలో పందెపు బాట ఒక్కటే యుండును. గిరిగీసిన ఆ బాటను దాటిపోవుటకు వీలులేదు. రెండవ తెగలో ఒక నగరమో, ద్వీపమో, దేశమో ఆటగాని వశము చేయబడును. అతడు ఏ వీధి వెంటనైనను, ఏ సందున దూరియైనను పోవచ్చును. ఈ రెండవ తెగకు నగరమే రంగస్థలము. ఒక్కొక్కప్పుడు నగరమే ప్రతినాయకుడును. కావున ఏ నగరమును ఎంచుకొనవలెనను ప్రశ్న దీని నిర్మాతలకు మొట్టమొదటిది.

మేము పదవీ విరమణ చేసిన గుమాస్తాలము. ఆటయందు చేయి తిరిగినవారము కాము. మనుమల ప్రక్కన కూర్చుండి అనేక సాయంకాలములు చూచినవారము మాత్రమే. అట్లు చూడగా మాకొక అభిప్రాయము కలిగినది. మంచి నిర్మాత నగరమును దాని గోపురములను చూచి కాక, దాని వీధులను చూచి ఎంచుకొనును. ఈ మాటను కొన్ని ఆటల మూలమున పరీక్షించి చూతము.

1999లో వెలువడిన ‘మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్’ అను ఆట అమెరికాలోని చికాగో నగరమున నడచును. ఆ నగరము చదరంగపు బల్ల వంటిది. 1909లో వచ్చిన పద్ధతి ననుసరించి అచ్చటి ఇండ్ల నంబర్లు స్టేట్ వీధి, మ్యాడిసన్ వీధి కలియు కూడలి నుండి లెక్కింపబడును. ఎనిమిది వందల నంబర్లకు ఒక మైలు. ఇట్టి ఊరిలో దారి తప్పుట కష్టము. దారి తప్పని ఊరిలో ఆట యేమున్నదని పాఠకులు అడుగవచ్చును. ఆట అచ్చటనే యున్నది. గమ్యము ఒక్కటియైనను పోవు దారులు పెక్కు; ఏ మూల తిరుగవలెనను నిర్ణయమే పందెము. ఆ పైన నది యొకటి అడ్డము వచ్చును. దాని మీది వంతెనలు పడవల కొరకు నడిమికి విడిపోయి పైకి లేచును. తిన్నని వీధుల సౌకర్యమును ఆ వంతెనలు క్షణములో హరించును.

శాన్ ఫ్రాన్సిస్కో కథ వేరు. 1847లో జాస్పర్ ఓఫారెల్ అను సర్వేయరు ఆ ఊరి పటమును విస్తరించినాడు. కొండలను లెక్కచేయక వీధులను నిట్టనిలువుగా సాగించిన పద్ధతి అచ్చట స్థిరపడినది. మార్కెట్ వీధి మాత్రము ఆ గళ్ల నడుమ ఏటవాలుగా కోసికొనిపోవును. నడచువారికి ఆయాసము మిగిల్చిన ఆ కొలత ఆటల నిర్మాతలకు వరమైనది. మిట్టపైకి వేగముగా ఎక్కిన కారు అంచున నేలను విడిచి గాలిలోనికి లేచును. 1968లో వచ్చిన ‘బులిట్’ చలనచిత్రము ఆ దృశ్యమును లోకమునకు చూపినది. ‘డ్రైవర్’ (1999), ‘మిడ్‌టౌన్ మ్యాడ్‌నెస్ 2’ (2000), ‘డ్రైవర్: శాన్ ఫ్రాన్సిస్కో’ (2011) ఆ ఊరినే ఆశ్రయించినవి. ఒకే ఊరిని ఇందరు పట్టుకొనుట కల్పనాశక్తి లేమియని కొందరందురు. మే మట్లు తలపము. గోల్డెన్ గేట్ వంతెన పటములలోను దొరకును; ఆ వాలు వీధి మాత్రము మరియొక చోట దొరకదు.

లండను నగరము ఈ రెంటికిని భిన్నము. 1666 అగ్నిప్రమాదము పిమ్మట క్రిస్టొఫర్ రెన్ తిన్నని వీధులతో నొక పథకము రచించినను అది అమలుకాలేదు. పాత వంకరలే నిలిచినవి. 2002లో వచ్చిన ‘ది గెటవే’ నిర్మాతలు ఈ గుణమును చక్కగా గ్రహించిరి. తెరపై పటము లేదు, వేగము తెలుపు ముల్లు లేదు. కారు వెనుకనున్న సూచక దీపము ఏ వైపు మినుకుమినుకుమనిన ఆ వైపు తిరుగవలెను. పటము లేనందున ఆటగాడు వీధినే చూడవలసివచ్చును. ఇది ప్రశంసింపదగిన యుక్తి. అయినను లోపమొకటి లేకపోలేదు. కొంతసేపటికి కన్ను దీపమునకే అంటిపోవును. ఏ వీధిలో ఉన్నామో ఆటగానికి తెలియకయే ఆ వీధి గడచిపోవును.

ఎంపికలో మరియొక చిక్కు పొలిమేర. ఖండము నడుమనున్న నగరము ఎచ్చట ముగియవలెను? అడ్డుగోడ పెట్టిన ఆటగానికి చెరసాలవలె తోచును. 2006లో ‘టెస్ట్ డ్రైవ్ అన్‌లిమిటెడ్’ నిర్మాతలు హవాయిలోని ఓఆహూ ద్వీపమును ఎంచుకొని దీనిని తేలికగా పరిష్కరించిరి. సముద్రమే పొలిమేర, దానిని ఎవరును తప్పుపట్టరు. అదే వరుసలో 2024లో వచ్చిన ఆట హాంగ్‌కాంగ్ ద్వీపమును ఎంచుకొనుట ఈ దృష్టితో సమంజసమే.

2014 నాటి ‘ది క్రూ’ దీనికి విరుద్ధ మార్గమును పట్టినది. అమెరికా దేశమంతయు అందు కుదింపబడినది; ఈ సముద్రము నుండి ఆ సముద్రమునకు ఒక్క సాయంకాలమున పోవచ్చును. దూరప్రయాణపు సుఖము అందు నిజముగా కలదు. కాని ఊళ్లు చేరినకొలది ఆశాభంగమే. నాలుగు ప్రసిద్ధ కట్టడములు, వానిని కలుపు రెండు మూడు రోడ్లు - ఇదియే ఊరు! కాపురముండు పేటలు కుదింపులో మొదట పోవును, కీర్తిగల కట్టడములు చివర వరకు నిలుచును. నగరమును చుట్టపుచూపుగా చూచుట యనగా ఇదియే. 2024 మార్చి 31న ఆ ఆట సర్వర్లు మూతపడుటతో కొనినవారికి కూడ ఆ ఊళ్లు దక్కకుండ పోయినవి.

మా దృష్టిలో మిక్కిలి తెలివైన ఎంపిక 2021లో ‘ఫోర్జా హొరైజన్ 5’ చేసినది. మెక్సికో దేశమును తీసికొనియు రాజధానీ నగరమును విడిచి, గ్వానహ్వాతో అను పాత వెండిగనుల పట్టణమును ముఖ్యముగా నిలిపినది. ఇరుకైన లోయలో రంగురంగుల ఇండ్లు, మెట్ల సందులు. నది వరదలను మళ్లించుటకై తొలిచిన సొరంగములు తరువాతి కాలమున రోడ్లైనవి. పేరును చూచిన రాజధానిని ఎంచుకొనవలెను. వీధిని చూచినవారు కనుక ఈ చిన్న ఊరిని ఎంచుకొనిరి.

ఈ విచారణ మనకేల యందురేమో. పైన చెప్పిన ఆటలలో ఒక్కటియు భారతదేశపు నగరమున నడచునది కాదు. కాని బెంగళూరు, హైదరాబాదులలో ఆటల నిర్మాణశాలలున్నవి. అందు మన పిల్లలును కొలువు చేయుచున్నారు. రేపు వారిలో ఒకరికి బెంగళూరును ఎంచుకొను అవకాశము రావచ్చును. 1956లో పూర్తియైన విధానసౌధ నిలువగనే ఊరు నిలిచినదని వారు తలపరాదు. ఈ ఊరికి రెండు నడకలున్నవి. 1537లో కెంపేగౌడ నిలిపెనని చెప్పబడు పేట ఒకటి. 1809లో వెలసిన దండు ప్రదేశము మరియొకటి. 1949 వరకు వీని పాలనయే వేరు. దండులో రోడ్డు వెడల్పుగా సాగును. పేటలో బండి అంగుళమంగుళముగా జరుగును. ఒకనాటి దొడ్డపేటయైన అవెన్యూ రోడ్డునందు, దానికి అడ్డముగా పోవు చిక్కపేటయందు ఎందరో తెలుగు కుటుంబములవారు తరతరములుగా అంగళ్లు నడుపుచున్నారు. యాత్రికుల చిత్రపటములకు ఆ వీధులు ఎక్కవు. బండి నడుపువానికి మాత్రము ఆ రెండు నడకల సంధియే ఈ ఊరి రుచి.

కనుక అట్టి అవకాశము వచ్చిన యువకులకు మాదొక మనవి. కెమెరా తీయుటకు ముందు ఒక ఉదయము పేటలో సరకుబండి వెనుక నడచి చూడుడు. ఎచ్చట బండి ఆగునో, ఎచ్చట రెండు బండ్లు ఎదురైన ఒకటి వెనుకకు జరుగవలెనో వ్రాసికొనుడు. కట్టడముల జాబితాను ఆ తరువాత చూచుకొనవచ్చును.