సముద్రం వెళ్లిపోయిన ఊళ్లో ఓడల పని

నెదర్లాండ్స్ ఈశాన్య భాగంలో ఫోలెన్‌హోవె అని ఒక చిన్న ఊరుంది. ఒకప్పుడు రేవు. ఊరి జాలర్లు జైడర్‌జీ అనే సముద్రపు పాయలో వేట చేసి బతికేవారు. 1932లో డచ్చివారు ఆ పాయ మూతికి అడ్డంగా 32 కిలోమీటర్ల కట్ట పోశారు. ఉప్పునీరు కాస్తా మంచినీటి సరస్సయిపోయింది. మరో పదేళ్లకు ఊరి ముందున్న నీళ్లు కూడా తోడేసి, సముద్ర మట్టం కంటే పల్లంగా ఉన్న ఆ నేలను పొలాలు చేశారు. ఫోలెన్‌హోవెకు మిగిలింది సన్నపాటి నీటిదారి. ఇదంతా జరిగిన దాదాపు ముప్పై ఏళ్లకు, 1971లో, పడవలు కట్టే ఒక కుటుంబం తన షిప్‌యార్డును ఆ ఊరికి మార్చుకుంది. మహాసముద్రాలు చుట్టివచ్చే తెరచాప యాట్లలో ఎంతో పేరున్నవి ఆ గట్టు మీదే తయారయ్యాయి.

ఆ కుటుంబం పేరు హౌస్‌మన్. 1884లో యాన్ యాన్స్ హౌస్‌మన్ పక్కనే ఉన్న రోండౌటె అనే పల్లెలో, చెరువుల గట్టున, జాలర్లకూ సరుకు రవాణా చేసేవాళ్లకూ కొయ్య పడవలు కట్టడం మొదలుపెట్టాడు. 1954లో ఉక్కు వచ్చింది. 1964లో అల్యూమినియం పట్టుకున్నారు. యాట్లకు ఆ లోహం అప్పటికి చాలా కొత్త. దాని మీద నమ్మకం పెట్టుకుని ముందుకు నడిపించినవాడు ఆ ఇంటి తర్వాతి తరాల్లో ఒకడైన వోల్టర్ హౌస్‌మన్. నూరేళ్లు నిండి, మంచి పేరు నిలుపుకున్న సంస్థలకు డచ్చి రాజకుటుంబం ‘రాయల్’ అన్న బిరుదు వాడుకునే హక్కు ఇస్తుంది. 1984లో అది దక్కి, యార్డు ‘రాయల్ హౌస్‌మన్’ అయింది.

లోకానికి ఆ పేరు తెలిసింది మాత్రం విలాసం వల్ల కాదు, పందెం వల్ల. కోనీ వాన్ రీట్‌స్ఖోటెన్ అనే డచ్చి వ్యాపారి ప్రపంచం చుట్టూ తిరిగే విట్‌బ్రెడ్ పోటీ కోసం ఇక్కడ ‘ఫ్లయర్’ అనే అల్యూమినియం పడవ కట్టించుకుని 1977-78లో గెలిచాడు. 1981-82లో రెండో ‘ఫ్లయర్’తో వచ్చాడు. దక్షిణ మహాసముద్రం మధ్యలో అతనికి గుండెపోటు వచ్చింది. ఆ కబురు ప్రత్యర్థుల చెవిన పడితే ఇంకా రెచ్చిపోతారని, రేడియోలో ఎవరికీ చెప్పవద్దని సిబ్బందిని కట్టడి చేసి, పందెం కొనసాగించి మళ్లీ గెలిచాడు. నావికుడి గుండె తడబడినా పడవ నిలబడింది. ఒక యార్డు పనితనానికి ఇంతకంటే నిఖార్సయిన పరీక్ష ఉంటుందా?

అల్యూమినియం బరువు ఉక్కులో మూడో వంతు. తుప్పు పట్టి రాలదు. అందుకే తెరచాప పడవకు అంత అనువు. కానీ వెల్డర్‌కు అది పెంకి లోహం. గాలి తగిలిన మరుక్షణం దాని మీద ఆక్సైడు పొర కడుతుంది. లోహం 660 డిగ్రీలకు కరిగితే, ఆ పొర కరగడానికి రెండు వేల డిగ్రీలు దాటాలి. కాబట్టి అతుకు వేసే ముందే ఆ అంచును శుభ్రంగా గీకి, ఆర్గాన్ వాయువు కమ్మి ఉండగా వెల్డింగ్ చేయాలి. అప్పుడూ చిక్కే. వేడి రేకంతా పాకి, నిప్పుల మీద అప్పడం వంకర్లు పోయినట్టు రేకు వంకర్లు పోతుంది. దీనికి విరుగుడు ఓర్పే. కుడివైపు కొంత, ఎడమవైపు కొంత, మళ్లీ మధ్యలో కొంత, ఇలా ఏ అతుకు తర్వాత ఏది పడాలో ముందే రాసుకుని, వేడి ఒకచోట పోగుపడకుండా పని నడిపిస్తారు. ఒకేచోట నిలబడి గబగబా ముగించేద్దామనుకుంటే పక్కటెముకల మధ్య రేకు లోపలికి లాక్కుపోతుంది. ఆ సొట్ట రంగు వేశాక ఎండలో పట్టిచ్చేస్తుంది.

ఎంత జాగ్రత్తపడినా వెల్డింగ్ అయిన బాడీ అద్దంలా ఉండదు. అప్పుడు లప్పం పని మొదలవుతుంది. ఎపాక్సీతో చేసిన తేలికపాటి లప్పం బాడీ అంతా పూసి, ఆరాక, వంగే గుణం ఉన్న పొడవాటి పలకకు ఉప్పుకాగితం బిగిస్తారు. ఇద్దరు చెరో కొస పట్టుకుని ఏటవాలుగా రుద్దుతారు. ముందుగా పైన పలచటి నల్లపొడి పూత వేసుకుంటారు. రుద్దాక మిట్టల మీది నలుపు పోతుంది, పల్లాల్లో ఉండిపోతుంది. ఎక్కడ నలుపు కనిపిస్తే అక్కడ మళ్లీ లప్పం, మళ్లీ ఉప్పుకాగితం. ఆఖరి మాట అరచేతిది. కంటికి దొరకని ఎత్తుపల్లాలను నెమ్మదిగా నిమిరి పట్టుకోగల పనివాళ్లు ఉంటారు. వారాల తరబడి సాగే ఈ పని యాట్ ఫొటోల్లో ఎక్కడా కనపడదు. నీళ్ల అంచున పడిన ప్రతిబింబం ఎక్కడా తునగకుండా సాఫీగా సాగితే, అది వీళ్లు చేసిన పనే.

లోపలి గదుల పని వడ్రంగులది. ముందు గదిని పడవ బయటే, షెడ్డులో, పూర్తిగా నిలబెట్టి చూస్తారు. తలుపు వంపుకూ మంచం అంచుకూ చెక్క జీర కలవాలి. అందుకని ఒకే దుంగ నుంచి కోసిన పలచటి వినీర్ పొరలను వరుస తప్పకుండా అతికిస్తారు. బరువు పెరగకూడదు కాబట్టి ఆ పొర వెనక గట్టి చెక్కకు బదులు తేలికైన పలకలుంటాయి. ఇంజిను అదురు నిద్రపోయేవాళ్లకు తెలియకుండా గదుల నేలను రబ్బరు దిమ్మల మీద నిలుపుతారు. పైకప్పు పలకల్లో మేకు కనపడదు. చాటున ఉన్న క్లిప్పులు వదిలిస్తే పలక చేతికి వచ్చేస్తుంది. వెనక పైపులూ తీగలూ పేర్లు రాసిన పట్టీలతో బారులు తీరి ఉంటాయి.

ఈ వ్యాసమంతా నిజానికి ఆ పలక గురించే. విలాసమంటే చాలామందికి పాలరాయీ బంగారు కుళాయిలూ గుర్తొస్తాయి. ఉప్పునీటి మీద బతికే వస్తువుకు అసలు విలాసం మరమ్మతుకు లొంగడం. స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టు అల్యూమినియానికి నేరుగా తగిలితే, ఉప్పునీరు పడగానే రెండింటి మధ్య విద్యుత్తు పుట్టి అల్యూమినియం తరిగిపోతుంది. అందుకని ప్రతి బోల్టుకూ ప్లాస్టిక్ తొడుగు వేసి, పేస్టు పట్టించి బిగించాలి. ఇరవై ఏళ్ల తర్వాత విప్పబోయేవాడు ఆ బోల్టు కదిలినప్పుడు బిగించినవాడిని మెచ్చుకుంటాడు. ఒక్కోసారి విప్పేదీ బిగించేదీ ఒకే యార్డు మనుషులు.

ఎందుకంటే హౌస్‌మన్ వాళ్లు కొత్తవి కట్టడంతో సరిపెట్టుకోరు. పాతవాటిని విప్పి బాగుచేయడానికి ‘హౌస్‌ఫిట్’ అని ప్రత్యేక విభాగమే ఉంది. పెద్ద యాట్లకు సాధారణంగా అయిదేళ్లకోసారి గట్టి తనిఖీ తప్పదు. మాస్టులు దించుతారు. తెరచాపల బరువు మోసే లోహపు కడ్డీల్లో వెంట్రుకవాసి పగుళ్లు వెతుకుతారు. బాడీ రేకు ఎంత మందం మిగిలిందో అల్ట్రాసౌండుతో కొలుస్తారు.

ఈ విద్యకు గొప్ప ఉదాహరణ ‘ఎండెవర్’. 1934లో అమెరికా కప్పు పందెం కోసం విమానాల తయారీదారు టామస్ సాప్‌విత్ ఇంగ్లండులో కట్టించిన ఉక్కు పడవ అది. సుమారు 40 మీటర్లు. పోటీకి ముందు జీతాల దగ్గర తగాదా వచ్చి జీతగాళ్లయిన నావికులు తప్పుకుంటే, సాప్‌విత్ ఔత్సాహికులతో వెళ్లాడు. మొదటి రెండు పందేలూ గెలిచి, చివరికి 4-2తో ‘రెయిన్‌బో’ చేతిలో ఓడిపోయాడు. యుద్ధం తర్వాత పడవ పాత ఇనుము ధరకు వచ్చింది. 1970లలో ఒక నదిలో మునిగిపోయి ఉంటే, పది పౌండ్లకు కొనుక్కున్న వడ్రంగులు దాని బొక్కలకు ప్లాస్టిక్ సంచులు కుక్కి తేల్చారు. 1984లో ఎలిజబెత్ మేయర్ అనే అమెరికన్ కొనేనాటికి అది కదిలించడానికే వీల్లేని డొల్ల. ఉన్నచోటే దాని చుట్టూ షెడ్డు వేసి, తుప్పు తిన్న ఉక్కు మార్పించింది. తర్వాత సముద్రం దాటించి హౌస్‌మన్ యార్డుకు చేర్చింది.

అక్కడ దానికి 50 మీటర్ల మాస్టు, ఇంజిను, గదులు అన్నీ అమర్చారు. మొదట కట్టినప్పుడు దానికి ఇంజిను అన్నదే లేదు. పందెపు పడవలో, వంపుల అందం చెడకుండా, కొత్త యంత్రాలన్నీ ఇరికించాలి. ఇది కొత్త పడవ కట్టడం కంటే కష్టం. కొత్తదైతే యంత్రాన్ని బట్టి గది గీసుకోవచ్చు. ఇక్కడ 1934లో ఎవరో గీసిన గీతకు లోబడి అంతా చేయాలి. 1989 జూన్ 22న, 52 ఏళ్ల తర్వాత, ‘ఎండెవర్’ మళ్లీ తెరచాప ఎత్తింది. అలాంటి పాతకాలపు పందెపు పడవలు కొత్తగా కట్టించుకోవాలన్న మోజు తర్వాతి రోజుల్లో పుట్టడానికి అది పెద్ద కారణం.

ఆ మోజు మళ్లీ ఫోలెన్‌హోవె దాకానే వచ్చింది. 1937లో అమెరికా కప్పుకు వెళ్లి ఓడిన ‘ఎండెవర్-2’ నమూనాలో 2009లో ఇక్కడ ఒక కొత్త పడవ తయారైంది. ఈసారి అల్యూమినియంతో. కట్టించుకున్నది నెట్‌స్కేప్ స్థాపకుల్లో ఒకడైన జిమ్ క్లార్క్. అంతకుముందు 1998లో ‘హైపీరియన్’, 2004లో 90 మీటర్ల, మూడు మాస్టుల ‘అథీనా’ కట్టించుకున్నదీ ఆయనే. ఈ మూడో పడవకు పెట్టిన పేరు ‘హనుమాన్’. సముద్రం లంఘించినవాడి పేరు డచ్చి గట్టున కట్టిన పడవ మీద చదువుతుంటే తెలుగువాడికి ఒళ్లు పులకరిస్తుంది. అంతకంటే ముఖ్యమైనది దాని వెనకున్న వరస: అక్కను బాగుచేసిన ఇరవై ఏళ్లకు, అదే యార్డు చెల్లెలికి కొత్త రూపం కట్టింది.

ఇన్ని కోట్లు ఒక మనిషి సరదాకేనా అన్న ప్రశ్న న్యాయమైనదే. ఈ యాట్లు బహు కొద్దిమంది ఆస్తి. అందులో వాదించడానికేమీ లేదు. కానీ అరచేత్తో పల్లం పట్టుకునే విద్య పుస్తకం చదివితే రాదు. వారంలో కొన్నాళ్లు బడిలో, మిగతా రోజులు పనిలో గడిపే డచ్చి పద్ధతిలో, పెద్దవాళ్ల పక్కన నిలబడి కుర్రాళ్లు నేర్చుకోవాలి. నేర్పడానికి ఎప్పుడూ ఒక కష్టమైన పని చేతిలో ఉండాలి. ఆ పని ఇచ్చేది ఈ ధనవంతులే. 2020లో నీళ్ల మీదికి వచ్చిన 81 మీటర్ల ‘సీ ఈగిల్-2’ బాడీని ఫోలెన్‌హోవెలో కట్టి, ఆమ్‌స్టర్‌డామ్‌కు చేర్చి మాస్టులు నిలబెట్టారు. అలాంటి పడవ ఒక్కటి ఎందరి చేతులకు పదును పెడుతుందో ఊహించుకోవచ్చు.

సామగ్రి కూడా మారుతోంది. డెక్ అంటే ఒకప్పుడు బర్మా టేకే, మన కోస్తా మండువా ఇళ్ల దూలాల్లాగే. 2021లో బర్మా ప్రభుత్వ కలప సంస్థ మీద ఐరోపా ఆంక్షలు పెట్టాక, యాట్లు కట్టేవాళ్లు వేరే చెక్కలు వెతుక్కోవలసి వచ్చింది. ఇంధనం సంగతీ అంతే. సన్ మైక్రోసిస్టమ్స్ స్థాపకుల్లో ఒకడైన బిల్ జాయ్ కోసం కట్టిన 58 మీటర్ల ‘ఎథీరియల్’ 2009లోనే హైబ్రిడ్ యంత్రాలతో, పెద్ద బ్యాటరీలతో తయారైంది. గాలికి పరుగెత్తేటప్పుడు ప్రొపెల్లర్‌ను తిరగనిచ్చి కరెంటు పుట్టించే ఏర్పాట్లు ఇప్పుడు కొత్త తెరచాప యాట్లలో మామూలవుతున్నాయి. అల్యూమినియం బాడీ యాభై ఏళ్లు నిలబడుతుంది, బ్యాటరీ నిలబడదు. కనుక ఇంజిను గది గీసేటప్పుడే బ్యాటరీ పెట్టెలు ఏ తలుపులోంచి, ఏ పలక విప్పితే, ఏ క్రేనుతో బయటికి వస్తాయో కూడా అదే కాగితం మీద గీసుకోవాలి.