'వనవాసి' పట్టుకుని లంబసింగి వెళ్తే

పదకొండేళ్ళ క్రితం ఒక పత్రికకి లంబసింగి మీద చిన్న యాత్రా వ్యాసం రాశాను. మనిషి అలికిడి లేని అడవి అనీ, అక్కడ మనం, మన ఊపిరీ తప్ప ఇంకేమీ వినబడవనీ అందులో రాసుకున్నాను. ఆ మాటలు నాకు బాగా నచ్చాయి కూడా. మొన్న జనవరిలో మళ్ళీ వెళ్ళొచ్చాక ఆ కాగితం వెతికి తీసి చదివితే సిగ్గేసింది. ఆ సిగ్గుకి లంబసింగి ఎంత కారణమో, సంచిలో పెట్టుకెళ్ళిన పుస్తకం కూడా అంతే కారణం.

పుస్తకం 'వనవాసి'. విభూతిభూషణ్ బందోపాధ్యాయ 'ఆరణ్యక్'కి సూరంపూడి సీతారాం చేసిన అనువాదం. బెంగాలీలో 1939లో పుస్తకంగా వచ్చింది. నా దగ్గరున్నది నాన్న కాపీ. నాన్న నర్సీపట్నంలో ఒక కలప కాంట్రాక్టరు దగ్గర గుమస్తాగా చేసేవారు. కొండల మీంచి లారీల్లో దిగిన దుంగల చుట్టుకొలతలు, పొడవులు పుస్తకంలో ఎక్కించడం ఆయన పని. పొద్దంతా ఆ లెక్కలు రాసి, రాత్రి లాంతరు దగ్గర 'వనవాసి' చదువుకునేవారు. ఈ రెండు పుస్తకాలకీ ఏదన్నా సంబంధం ఉందని ఆయనకి తోచిందో లేదో ఎప్పుడూ అనలేదు. నాకు మాత్రం చాలా ఏళ్ళు తోచలేదు.

కథ తెలిసినవాళ్ళు చాలామందే ఉంటారు. సత్యచరణ్ అనే చదువుకున్న నిరుద్యోగికి బీహార్లో ఒక జమీందారీ ఎస్టేటు మేనేజరు ఉద్యోగం దొరుకుతుంది. వేల బిఘాల అడవి. దాన్ని ముక్కలు చేసి కౌలుదార్లకి పంచడం అతని పని. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేక కలకత్తా పారిపోదామనుకుంటాడు. అక్కడి గుమస్తా గోష్ఠబాబు, కొన్నాళ్ళుంటే అడవి మిమ్మల్ని పట్టేస్తుంది, అప్పుడు ఊరు రుచించదు అంటాడు. అలాగే అవుతుంది. అవుతూనే, ప్రేమించిన అడవిని తన చేత్తోనే ఎకరం ఎకరం నరికిస్తాడు. ఇది ఊహించి రాసిన కథ మాత్రమే కాదు. విభూతిభూషణ్ 1920లలో భాగల్పూర్ వైపు ఒక ఎస్టేటులో అసిస్టెంట్ మేనేజరుగా నిజంగానే పనిచేశారు.

నర్సీపట్నం నుంచి లంబసింగి వెళ్ళడం ఇప్పుడు పెద్ద పని కాదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టాక నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది, లంబసింగి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్ళింది. దారిలో మీకు తెలియకుండానే జిల్లా మారిపోతుంది, ఘాట్ ఎక్కుతుంటే చలి మాత్రం తెలుస్తుంది. పైన సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోయినవాడు కొర్రులా బిగుసుకుపోతాడని అక్కడివాళ్ళు దానికి అర్థం చెప్తారు. శని, ఆదివారాల్లో మాత్రం బయట ఉండిపోయేవాళ్ళే ఎక్కువ. గుడారాలు, చలిమంటలు, స్ట్రాబెర్రీ తోటల ముందు ఫొటోలు, చెరువులవేనం కొండమీద తెల్లారకుండానే మేఘాల కోసం క్యూలు. దీని మీద విసుక్కోవడం నాకు తేలికే గానీ, ఆ క్యూలోకి జనాన్ని పిలిచిన వ్యాసాల్లో నాదీ ఒకటి.

ఈ రోడ్డు గురించి కూడా చెప్పాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వైపు పోయే దారి పనుల్లో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనంతో వెట్టి చేయించాడనీ, కూలి సరిగ్గా ఇవ్వలేదనీ సీతారామరాజు చరిత్ర చెప్పేవాళ్ళందరూ చెప్తారు. 1882 మద్రాసు అటవీ చట్టం పోడునీ, అడవిలో రాకపోకల్నీ కట్టడి చేసింది. దానికి ఈ వెట్టి తోడైంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద, మర్నాడు కృష్ణదేవిపేట మీద, ఆ మర్నాడు రాజవొమ్మంగి మీద దాడులు జరిగాయి. 1924 మే 7న రాజుని కాల్చి చంపారు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది, నర్సీపట్నం వాళ్ళం చిన్నప్పుడు బడి తరపున చూసొస్తాం. నాకు ఈ తేదీలన్నీ నోటికొచ్చు. నోటికొచ్చిన మనిషినే ఆ రోడ్డు మీద పోయి 'ఎవరూ లేని అడవి' అని ఎలా రాశాను?

జవాబు కొంత లంబసింగిలో, కొంత పుస్తకంలో దొరికింది.

వారం మధ్యలో వెళ్ళాను, జనం ఉండరని. తాజంగి వైపు రోడ్డు మీద కొంత దూరం పోయి పక్కనున్న కాలిబాటలోకి దిగాను. ఎత్తయిన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నడుమెత్తు కాఫీ మొక్కలు. పన్నెండైనా పొగమంచు పూర్తిగా విడలేదు. ఆకుల మీంచి నీటిచుక్క పడితే వినబడుతోంది. ఒక బండ చూసుకుని కూర్చుని, పెన్సిలు పట్టుకుని 'వనవాసి' చదవసాగాను. యుగళప్రసాదు భాగం. ఎక్కడెక్కడి నుంచో పూల విత్తనాలు, తీగలు తెచ్చి, ఎవరి లాభం కోసమూ కాకుండా సరస్వతీ కుండీ ఒడ్డున నాటే పిచ్చివాడు. చదువుతూ తలెత్తితే నా చుట్టూ ఉన్నదీ నాటిన అడవేనని గుర్తొచ్చింది. సిల్వర్ ఓక్ ఆస్ట్రేలియా చెట్టు. కాఫీకి నీడ కోసం తెచ్చి పెట్టారు. నేను ప్రకృతి అని మురిసిపోతున్నదానికి ఎవరో గోతులు తీశారు, నీళ్ళు పోశారు, కొమ్మలు కొట్టారు.

గంటసేపు అలా కూర్చున్నాను. నిజంగానే ఎవరూ లేరనుకున్నాను. అప్పుడు పక్క మొక్కల్లోంచి ఎవరో దగ్గారు.

పదడుగుల దూరంలో ఆడవాళ్ళు కాఫీ పళ్ళు కోస్తున్నారు. ఏడెనిమిది మంది ఉంటారు. నేను వచ్చినప్పట్నుంచీ ఉన్నారు. వాళ్ళలో పెద్దామె నన్ను చూసి అడిగింది.

"ఏటి రాసుకుంటన్నారు బాబూ? సర్వేకొచ్చారేటి?"

"లేదమ్మా, చదువుకుంటున్నాను."

"పెన్సిలెట్టుకుని సదూతారేటి?" అంది. మిగతావాళ్ళు నవ్వారు. "మీరెవరో అపీసరనుకున్నాం బాబూ. అందుకే పాటాపేసినాం."

ఆ ఒక్క మాటతో చేతిలో పుస్తకం వేరేగా కనిపించింది. నేను విన్న నిశ్శబ్దం అడవిది కాదు, నేను తెచ్చింది. మన్యంలో పుస్తకం, పెన్సిలు పట్టుకొచ్చినవాడంటే సర్వేయరో, గార్డో, కలప గుమస్తానో. నాన్న వస్తుంటే ఎన్ని పాటలు ఆగిపోయి ఉంటాయో!

ఇప్పుడు 'వనవాసి' దగ్గరికి. సత్యచరణ్ అక్కడి మనుషుల్ని ఎంతో ప్రేమగా చూస్తాడు. వాళ్ళు తక్కువ మాట్లాడతారనీ, అణకువగా ఉంటారనీ, అడవిలాగే గంభీరమైనవాళ్ళనీ మనకి అనిపించేలా చెప్తాడు. కుంత గుర్తుందా? మాఘమాసపు చలిలో, కచేరీ బావి పక్కన చీకట్లో, మేనేజరు విస్తట్లో మిగిలే అన్నం కోసం నిలబడి ఉండే విధవరాలు. ఆమె మౌనాన్ని విభూతిభూషణ్ వర్ణించిన తీరు గుండె పట్టేస్తుంది. కానీ ఆ మౌనం ఎవరి ముందు? మేనేజరు ముందు. రైతుకి భూమి ఇవ్వాలన్నా, ఇవ్వకూడదన్నా అతని సంతకమే. తన గుడిసెలో పిల్లల దగ్గర కుంత ఎలా మాట్లాడుతుందో నవలకి తెలిసే దారి లేదు. సత్యచరణ్ ఆ మౌనాన్ని స్వభావం అనుకున్నాడు. నా చదువులో అది ఉద్యోగానికి ఎదురైన మౌనం.

భానుమతి దగ్గరా ఇదే. రాజ్యం పోయిన గిరిజన రాజు దొబ్రు పన్నా వంశంలో పిల్ల. భారతదేశం పేరు విన్నావా అని సత్యచరణ్ అడిగితే వినలేదంటుంది. ఆ సన్నివేశాన్ని అమాయకత్వానికి ఉదాహరణగా ఎంతమంది మెచ్చుకున్నారో, నేనూ మెచ్చుకున్నాను. కాఫీ తోటలో పెద్దామెని నేను ఎదర కనబడేదాన్ని చూపించి, ఈ కొండ పేరేంటమ్మా అన్నాను. "ఏ కొండ బాబూ? అక్కడ మూడున్నాయి కదా" అంది. నాకు ఒకటే కనిపించింది. ఆమె దీన్ని ఎక్కడా రాయదు కాబట్టి నా అమాయకత్వం బయటపడదు, అంతే తేడా.

అయినా 'వనవాసి'ని తీసిపారెయ్యలేను. నా వ్యాసంలో లేనిది అందులో ఉంది. చెప్పేవాడు యాత్రికుడు కాదు, నరికించినవాడు. ఆ సంగతి మొదట్నుంచీ దాచడు. అడవి మీద అందంగా రాసిన మనవాళ్ళలో చాలామంది గెస్ట్‌హౌస్ వరండా నుంచి రాస్తారు, ఆ వరండా ఎవరిదో చెప్పరు. విభూతిభూషణ్ చెప్పారు. నా పేచీ చివరి పేజీతో. సత్యచరణ్ వెళ్ళిపోతూ క్షమాపణ అడుగుతాడు, అడవి ఆదిమ దేవతల్ని. దేవతలు జవాబు చెప్పరు. కుంతనీ భానుమతినీ అడిగి ఉంటే ఏదో ఒకటి అనేవాళ్ళు, అది వినాల్సొచ్చేది.

తెలుగు పేరు గురించి కూడా ఒక మాట. 'వనవాసి' వినసొంపైన పేరు. కానీ వనవాసం అనగానే మనకి గుర్తొచ్చేది గడువు తీరాక అయోధ్యకి తిరిగొచ్చేవాడు. అక్కడే ఉండిపోయినవాళ్ళు కాదు. ఈ నవలకి అది తెలియక పెట్టినా సరిగ్గా సరిపోయిన పేరు. ఉండిపోయినవాళ్ళ సంగతి కావాలంటే మల్లిపురం జగదీశ్ 'శిలకోల' లాంటి కథల దగ్గరికి పోవాలి. అక్కడ అడవి ఇంత నిశ్శబ్దంగా ఉండదు.

పుస్తకం మూసి సంచిలో పెట్టి, వాళ్ళ దగ్గర సెలవు తీసుకుని వెనక్కి బయల్దేరాను. బాట మలుపు తిరిగి కాఫీ మొక్కలు అడ్డమయ్యాక పాట మళ్ళీ మొదలైంది. మాటలు అందలేదు, మధ్యలో ఎవరో నవ్వడం మాత్రం తెలిసింది. నా పెన్సిలు గురించే కావచ్చు. ఆగి విందామనిపించింది. ఆగితే కనిపెట్టి మళ్ళీ ఆపేస్తారని, అలికిడి కాకుండా రోడ్డు వైపు నడిచాను.